పరీక్షించినది: దొహ్నలోవా మిలాదా

మా ఆఫీసులో అందరూ అందర్నీ ‘నువ్వు’ అంటారు. మొన్న చేరినవాడు కూడా డైరెక్టరు భుజం తట్టి ‘నువ్వు’ అంటాడు, ఆ డైరెక్టరు మురిసిపోతాడు. బ్ర్నో ఊళ్లో కంప్యూటరు కంపెనీలన్నీ ఇంతే. దొహ్నలోవా గారు ఒక్కరే దీనికి ఒప్పుకోలేదు. ఇరవై మూడేళ్లపాటు ఆవిడ ప్రతి మనిషినీ ‘మీరు’ అన్నారు. డైరెక్టర్ని అన్నారు, కాఫీ మిషను బాగుచేయడానికి వచ్చినవాణ్ణి అన్నారు, నన్నూ అన్నారు. ఎవరైనా చనువు తీసుకోబోతే కళ్లజోడు కిందికి దించి, “మనమేమన్నా కలిసి బాతులు కాశామా, బాబూ?” అని అడిగేవారు. రెండోసారి ఎవరూ చనువు తీసుకోలేదు.

నా పేరు ఓతా. కింది అంతస్తులో చలిగదిలో ఉన్న నలభై పరీక్ష మిషన్లకు కాపలాదారుణ్ణి. పద్నాలుగేళ్లు దొహ్నలోవా గారి ఎదురు బల్ల నాది. ఒక్కసారైనా ఆవిడ నోట ‘ఓతా, నువ్వు’ అనే మాట వింటానేమోనని పద్నాలుగేళ్లూ ఎదురుచూశాను. ఇది అడిగి తీసుకునే వస్తువు కాదు. పెద్దవాళ్లు ఇవ్వాలి, చిన్నవాళ్లు పుచ్చుకోవాలి. ఆడవాళ్లు ఇవ్వాలి, మగవాళ్లు పుచ్చుకోవాలి. ఆవిడ రెండు లెక్కల్లోనూ నాకంటే పైనే, కాబట్టి నోరు మూసుకుని కూర్చున్నాను.

ఆవిడ పని చెప్పాలి. కంప్యూటరు లోపల కెర్నల్ అని ఒక పెత్తందారు ఉంటుంది. ఏ ప్రోగ్రాము ఎప్పుడు పని చెయ్యాలో, ఎవరికెంత జాగా ఇవ్వాలో అదే తేలుస్తుంది. దాన్ని దేశదేశాల నుంచి కొన్ని వేలమంది రోజూ మారుస్తూనే ఉంటారు. ప్రతివాడూ తాను బాగుచేస్తున్నాననే అనుకుంటాడు. ఏడాది తిరిగేసరికి ఎక్కడో ఎవరి మిషనో నెమ్మదిస్తుంది. ఆగిపోతే అందరికీ కనిపిస్తుంది. నెమ్మదిస్తే ఎవరికీ కనిపించదు, ఏదో బద్ధకంగా ఉందే అనుకుని ఊరుకుంటారు. ఆ బద్ధకం ఏ మార్పుతో మొదలైందో, ఎవరి చేతితో మొదలైందో పట్టుకోవడమే దొహ్నలోవా గారి పని. మా మొరావియా ప్రాంతంలో సగం ఇంటిపేర్లు అయిపోయిన పనులే. దొహ్నల్ అంటే వెంటపడి అందుకున్నాడు అని, ఆడవాళ్లకైతే దొహ్నలోవా. ఆవిడ పేరు సార్థకమైందని అందరం నవ్వేవాళ్లం.

అంతకుముందు ఆవిడ ఉన్ని మిల్లులో పనిచేశారు. మొదట బట్ట తనిఖీలో, తరువాత అక్కడి లెక్కల గదిలో. మిల్లు మూతపడ్డాక ముప్పై ఎనిమిదేళ్ల వయసులో మా దగ్గరికొచ్చారు. ఆ మిల్లు అలవాటు ఒకటి ఆవిణ్ణి వదల్లేదు. తనిఖీ అయిన ప్రతి బట్ట తానుకీ చీటీ కుట్టాలి, చీటీ మీద ఇంటిపేరు ముందు, పేరు తరువాత: దొహ్నలోవా మిలాదా. మా దగ్గర కూడా కెర్నల్‌లో చేసే ప్రతి మార్పు అడుగునా చీటీలాంటి వాక్యాలుంటాయి. రాసినది ఫలానా, చూసినది ఫలానా, పరీక్షించినది ఫలానా. ఆ మూడో వాక్యం దగ్గర ఆవిడ సొంత చేత్తో ‘దొహ్నలోవా మిలాదా’ అని రాసి మెయిలు పంపేవారు, మార్పు రాసినవాడు దాన్ని అలాగే అతికించేవాడు. మిగతా అందరూ పేరే ముందు రాస్తారు కాబట్టి కుర్రాళ్లు, “ఏంటి దొహ్నలోవా గారూ, బళ్లో హాజరు పిలుస్తున్నట్టు?” అని ఏడిపించేవాళ్లు. “హాజరే మరి. రేపు ఇది చెడిపోతే నేను లేచి నిలబడాలి కదా,” అనేవారు.

ఆ వాక్యం ఊరికే వచ్చేది కాదు. మిషను చల్లబడేదాకా ఆగేవారు. దాని వేగం దానంతటది పెరగకుండా ఒకే అంకె దగ్గర కట్టేసేవారు. ఏడుసార్లు నడిపి, మొదటి రెండూ పారేసేవారు. “మొదటి రెండుసార్లూ మిషను మనల్ని పరీక్షిస్తుంది, ఓతా గారూ,” అనేవారు. నచ్చకపోతే ‘పనికిరాదు’ అని ఒక్క మాట రాసి తిప్పి పంపేసేవారు. అందుకే ఆవిడ పేరు ఉన్న మార్పుని ఇతర దేశాల పెద్దలు కూడా మారుమాట లేకుండా పుచ్చుకునేవాళ్లు. ఈ గొడవ దాకా ఆవిడ పేరున్న మార్పు ఒక్కటీ లోపంతో వెనక్కి రాలేదు. ఆవిడకి పిల్లల్లేరు, భర్త పోయాడు, ఇల్లు రెండు గదులు. ఆవిడ ఆస్తి అంతా ఆ వాక్యమే.

ఆవిడ ‘నువ్వు’ దక్కింది ముగ్గురికి. పోయిన భర్తకి, చెల్లెలు బొజెనాకి, విలేమ్ విస్కొచిల్‌కి.

విలేమ్ సంగతి వేరు. ఆవిడ కొత్తగా చేరినప్పుడు, మిల్లు నుంచి వచ్చిన ముసలమ్మకి కెర్నల్ ఏం తెలుస్తుందని అందరూ మూతులు తిప్పితే, ఇరవై ఏడేళ్ల విలేమ్ రోజూ మధ్యాహ్నం కుర్చీ లాక్కుని పక్కన కూర్చుని, కాగితం మీద బొమ్మలు గీసి నేర్పాడు. పదేళ్లకి, ఇద్దరూ కలిసి తొమ్మిది వారాలు వెంటాడి ఒక లోపాన్ని పట్టుకున్న రోజు, ఆవిడ దగ్గుమందు సీసాలో ప్లమ్ పళ్ల సారా తెచ్చారు. వాళ్ల నాన్న తోటలోది. రెండు చిట్టి గ్లాసుల్లో పోసి, చేతులు మెలేసుకుని తాగి, “నా పేరు మిలాదా,” అన్నారు. “నా పేరు విలేమ్,” అన్నాడతను, కళ్లు తుడుచుకుంటూ. సారా ఘాటుకో మరి దేనికో. ఆరోజు నుంచి ఇద్దరికీ ‘నువ్వు’. ఇచ్చిన ‘నువ్వు’ని వెనక్కి తీసుకోవడం మా దగ్గర లేదు. మొగుడూ పెళ్లాం కోర్టుకెక్కి విడిపోయినా ‘నువ్వు’ మాత్రం మిగిలే ఉంటుంది.

విలేమ్‌ని నేను ‘అతను’ అంటున్నాను గమనించండి. కాసేపు అలాగే కానివ్వండి.

నవంబరులో ఫిర్యాదు వచ్చింది. కరెంటు మీటర్ల లెక్కలు చూసే ఒక సంస్థ మా కొత్త కెర్నల్ పెట్టుకున్నాక, పొద్దున ఏడింటికి అయిపోవాల్సిన పని ఏడున్నర దాటినా తెమలడం లేదట. పాత కెర్నల్ పెడితే మళ్లీ మామూలే. పాతదానికీ కొత్తదానికీ మధ్య, పనులు పంచే భాగంలోనే పదకొండు వందల మార్పులు.

“సగానికి మడుద్దాం,” అన్నారు దొహ్నలోవా గారు.

బట్ట తనిఖీలో నేర్చిన మాట అది. పదకొండు వందల్లో సరిగ్గా మధ్య మార్పు దాకా ఉన్న కెర్నల్ తీసి నడపాలి. అది వేగంగా ఉంటే దోషి తరువాతి సగంలో ఉన్నట్టు. నెమ్మదిగా ఉంటే ముందు సగంలో. ఆ సగాన్ని మళ్లీ సగం. పది పదకొండు మడతల్లో దొరికిపోవాలి. పుస్తకంలో అంతే. మా చలిగదిలో అంత తేలిక కాదు, ఎందుకంటే మిషన్లు కూడా మనుషుల్లాగే ఒక్కోపూట ఒక్కోలా ఉంటాయి. మొదటి విడత మడతలన్నీ అయ్యాక దోషి అని తేలింది ఏమిటో తెలుసా? ఒక కుర్రాడు వివరణలో అచ్చుతప్పు దిద్దిన మార్పు. అది మిషను నడకని ముట్టుకోనే ముట్టుకోదు.

“శభాష్! అచ్చుతప్పు వల్ల కరెంటు లెక్కలు ఆగిపోయాయి,” అన్నాను.

“నవ్వకండి. మీ ఎలుగుబంటికి ఫ్యాను మూలుగుతోంది,” అన్నారావిడ. నా మిషన్లకు నేను జంతువుల పేర్లు పెట్టుకున్నాను. వెళ్లి చూస్తే నిజంగానే పెద్ద మిషనుకి ఒక ఫ్యాను సగం తిరుగుతోంది. వేడెక్కి, తప్పు చెప్పింది. ఫ్యాను మార్చి, మళ్లీ మొదటినుంచి మడతపెట్టడం మొదలుపెట్టాం.

ఆ రోజుల్లో విలేమ్ రెండు మూడుసార్లు మా గదికొచ్చాడు. అప్పటికతను విభాగానికి పెద్ద. గుమ్మంలో నిలబడి, “మిలాదా, ఎందుకీ తంటా? వాళ్ల డిస్కులే పాతవై ఉంటాయి. ‘మాది కాదు’ అని రాసి పడెయ్,” అన్నాడు.

“డిస్కుదైతే పాత కెర్నల్‌తో ఎందుకు బాగుంటుంది నాయనా?” అన్నారావిడ.

“ఎప్పుడూ ఇంతే నువ్వు,” అని నవ్వి, గసగసాలు పెట్టిన తీపి రొట్టె, కొలాచ్ ఒకటి బల్లమీద పెట్టి వెళ్లిపోయాడు. మంచివాడనుకున్నాను. ఆ కొలాచ్‌లో సగం నేనే తిన్నాను, ఇప్పుడు తలుచుకుంటే గొంతులో అడ్డం పడుతుంది.

పదో మడత ఒక శుక్రవారం మధ్యాహ్నం అయింది. తెర మీద దోషి పేరు వచ్చింది. పద్నాలుగు నెలల కిందటి మార్పు. ప్రోగ్రాము నిద్ర లేచినప్పుడు ఏ ప్రాసెసరు ఖాళీగా ఉందో వెతికే చోట, వెతుకులాట తగ్గించిన మార్పు. మునిసిపల్ ఆఫీసులో అరవై కిటికీలుంటే, గుమాస్తా మొదటి నాలుగు చూసి, అవి ఖాళీ లేవని అక్కడే వరస కట్టించినట్టు. చిన్న మిషన్ల మీద వెతికే శ్రమ తగ్గి వేగం పెరిగింది. పెద్ద మిషన్ల మీద సగం ప్రాసెసర్లు గోళ్లు గిల్లుకుంటుంటే మిగతా సగం ముందు పనులు పేరుకుపోయాయి. రాసినది విలేమ్ విస్కొచిల్. అతన్ని విభాగానికి పెద్ద చేసింది ఆ మార్పే. దాని కింద వాక్యం ఇలా ఉంది:

పరీక్షించినది: మిలాదా దొహ్నలోవా.

నేను మొదట తెర చూశాను, తరువాత ఆవిణ్ణి చూశాను. ఆవిడ కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నారు.

“ఓతా గారూ, ఆ తలుపు వేస్తారా?”

వేశాను.

“ఇది నేను పరీక్షించలేదు,” అన్నారు. కాసేపాగి, “పరీక్షించినట్టు గుర్తులేదు,” అన్నారు. ఆ రెండు మాటలకీ మధ్య ఏం జరిగిందో నాకు ఆవిడ ముఖంలో కనిపించింది. వాళ్లమ్మ అరవై మూడో ఏట మతిమరుపుతో మొదలై, చివరికి కూతుర్నే గుర్తుపట్టకుండా పోయింది.

మిషన్ల రికార్డులు చూద్దామంటే ఆరునెలలకు మించి ఉంచం, జాగా చాలదు. మెయిళ్లు చూద్దామంటే వసంతంలో మెయిలు వ్యవస్థ మార్చి, పాతవన్నీ పోగొట్టారు. ఆవిడ డైరీ తీశారు. ఆ వారమంతా ఖాళీ. బొజెనాకి అప్పుడే ఆపరేషను. పొద్దున ఆసుపత్రి, మధ్యాహ్నం ఆఫీసు, సాయంత్రం మళ్లీ ఆసుపత్రి. ఆ వారం తాను ఏం తిన్నారో కూడా ఆవిడకి గుర్తులేదు.

సోమవారం క్యాంటీన్‌లో విలేమ్‌ని అడిగారు. నేను పక్క బల్ల దగ్గర వెల్లుల్లి సూపు తాగుతూ ఉన్నాను, ప్రతి మాటా వినిపించింది.

“విలేమ్, నీ మార్పు మీద నా పేరుంది. నేను పరీక్షించానా దాన్ని?”

అతను చెంచా కింద పెట్టాడు. నేను ఆ చెంచానే చూశాను, అతని ముఖం చూడాల్సింది.

“పరీక్షించావుగా మిలాదా. మర్చిపోయావా?”

“నిజంగా?”

“నువ్వే మెయిలు పంపావు. నువ్వు పంపిన వాక్యాన్నే అతికించాను, అక్షరం మార్చలేదు. బొజెనాకి బాగాలేని రోజులు కదా, ఏదో హడావిడిలో చేసుంటావు.” ఆవిడ చేతిమీద చెయ్యి వేశాడు. “పోనీలే. అందరం పెద్దవాళ్లమవుతున్నాం. ఒకసారి డాక్టరుకి చూపించుకోరాదూ?”

ఆవిడ తల ఊపారు. అన్నం తినకుండానే పళ్లెం తీసుకెళ్లి పెట్టేశారు.

ఆ తరువాతి మూడు వారాలూ చూడలేకపోయాను. మిషను వేగం కట్టేశానా లేదా అని మూడుసార్లు చూసుకునేవారు. చేసిన ప్రతి పనీ చీటీ మీద రాసి తెరకి అంటించేవారు. తెర చుట్టూ పసుపుచీటీల దండ తయారైంది. ఒకరోజు ట్రామ్ ఎక్కి రెండు స్టాపులు వచ్చాక, స్టవ్ ఆపలేదేమోనని దిగి ఇంటికి పరుగెత్తారట. ఆపే ఉందట. “ఆపానని తెలుసు ఓతా గారూ. కానీ నాకు తెలిసినదాన్ని నమ్మొచ్చో లేదో తెలియడంలేదు,” అన్నారు.

తప్పు ఒప్పుకుంటూ అందరూ చదివే చోట ఉత్తరం కూడా రాశారు. ఈ మార్పు నేను పరీక్షించాను, లోపం నా కంటికి ఆనలేదు, బాధ్యత నాది, ఇకమీదట నా పేరుతో పరీక్ష వాక్యాలు రావు. ఇరవై మూడేళ్ల మనిషి నాలుగు వరుసల్లో తనను తాను తీసేసుకున్నారు. దేశదేశాల నుంచి సానుభూతి ఉత్తరాలొచ్చాయి. అందరికంటే పెద్దది, అందరికంటే తియ్యనిది విలేమ్‌ది. ఎవరికైనా జరుగుతుంది, నువ్వే మాకు ఆదర్శం అని.

క్రిస్మస్‌కి ముందు డాక్టరు దగ్గరికెళ్లారు. ఆ తరువాత జరిగింది ఆవిడే చెప్పారు. డాక్టరమ్మ గడియారం బొమ్మ గీయమంది, గీశారు. వందలోంచి ఏడేసి తీసేయమంది, తీశారు. అయిదు మాటలు చెప్పి పావుగంట తరువాత అడిగింది, అయిదూ చెప్పారు. ఆఖరున కాగితం ముందుకు తోసి, “పైన మీ పేరు రాయండి,” అంది. రాశారు: దొహ్నలోవా మిలాదా.

రాసి, కలం కాగితం మీదే ఉంచి, కదలకుండా ఉండిపోయారట. డాక్టరమ్మ కంగారుపడి, “ఏమైంది? తేదీ గుర్తులేదా?” అందట.

“తేదీ గుర్తుంది. ఇంకొకటి గుర్తొచ్చింది,” అన్నారట ఈవిడ.

పదకొండింటికల్లా ఆఫీసులో ఉన్నారు. కోటు విప్పకుండానే కుర్చీలో కూర్చుని, కెర్నల్ చరిత్ర మొత్తంలో తన పేరున్న వాక్యాలన్నీ ఏరి తీశారు. రెండు వందల పదమూడు. నన్ను పిలిచి తెర నావైపు తిప్పారు.

“చదవండి.”

“దొహ్నలోవా మిలాదా, దొహ్నలోవా మిలాదా, దొహ్నలోవా మిలాదా...” అంటూ కిందికి దిగుతూ పోయాను. ఒకచోట నాలుక తడబడింది. మిలాదా దొహ్నలోవా. రెండు వందల పన్నెండుసార్లు ఇంటిపేరు ముందు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, పేరు ముందు.

“నేను జన్మలో అలా రాయను,” అన్నారు. “ఈ కంపెనీలో నన్ను మిలాదా అనేవాడు ఒక్కడే.”

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈవిడ పట్టుకున్నారు, కానీ ఆ ముఖంలో పట్టుకున్న సంతోషం మచ్చుకి కూడా లేదు. తన బుర్ర బాగానే ఉందని తెలిసిన క్షణంలోనే, దాన్ని పాడైందని నమ్మించిందెవరో కూడా తెలిసింది. నాకైతే ఒళ్లు మండిపోయింది. ఇక్కడి నుంచి విలేమ్ నాకు ‘వాడు’.

“నాతో వస్తారా?” అన్నారావిడ.

“సాక్షిగానా?”

“కాదు. తోడుగా.”

వాడు వంటగదిలో కాఫీ కలుపుకుంటున్నాడు. మమ్మల్ని చూసి నవ్వాడు. “డాక్టరేమంది మిలాదా?”

“బాగానే ఉన్నానంది. విలేమ్, ఆ వాక్యం నేను పంపిందే అన్నావు కదా?”

“మళ్లీ అదేనా?”

“అక్షరం మార్చలేదన్నావు.”

“మార్చలేదు. నీ వాక్యంలో నేను చెయ్యి పెడతానా?”

ఆవిడ అచ్చుతీసిన కాగితం వాడి ముందు పెట్టారు. ఒక్క వరుస కింద పెన్సిలుతో గీత ఉంది. వాడు చూశాడు. చెవులు ముందు ఎర్రబడ్డాయి, తరువాత ముఖం.

“ఇందులో ఏముంది?” అన్నాడు, ఏముందో తెలిసినవాడి గొంతుతో.

“నన్ను ఎలా పిలుస్తావో అలాగే రాశావు. అలవాటు. పాపం నీ చెయ్యి నిజం చెప్పేసింది, నోరే చెప్పలేదు.”

కాఫీ పొంగి బల్ల మీద కారింది, వాడు తుడవలేదు. సంజాయిషీ మొదలుపెట్టాడు. విడుదల తేదీ ముంచుకొచ్చిందట. ఆవిడ పేరు లేకపోతే ఆ మార్పుని ఎవరూ పుచ్చుకునేవాళ్లు కారట. బొజెనా ఆసుపత్రిలో ఉంటే ఆవిణ్ణి అడగడానికి మనసొప్పలేదట. తను చిన్న మిషన్ల మీద నడిపి చూశాడట, బాగానే ఉందట. “నువ్వు ఎలాగూ ఇచ్చేదానివే, మిలాదా!”

“ఇచ్చేదాన్ని కాదు. ఎలుగుబంటి మీద నడిపి, పనికిరాదు పొమ్మనేదాన్ని. నువ్వు రెండు రోజులు అలిగేవాడివి, మూడో రోజు సరిచేసేవాడివి. ఎన్నిసార్లు జరగలేదు మనకి?”

“తప్పే. ఒప్పుకుంటున్నా.”

“సంతకం సంగతి కాదు విలేమ్. సంతకం దొంగతనం. దొంగతనాన్ని క్షమించొచ్చు.” బల్ల అంచు పట్టుకున్నారు. “మా అమ్మ ‘నువ్వెవరమ్మా’ అని నన్ను అడిగిన రోజు, నేను వచ్చి ఏడ్చింది ఎవరి దగ్గర?”

వాడు కారుతున్న కాఫీ వంక చూశాడు.

“నీ దగ్గర. నాకు అన్నిటికంటే దేనికి భయమో ఈ ప్రపంచంలో నీకొక్కడికే చెప్పాను. బొజెనాకి కూడా చెప్పలేదు. నువ్వు నీ కుర్చీ కాపాడుకోవడానికి ఆ భయాన్నే తీసి నాకు తినిపించావు. నా బుర్ర పోతోందని నేను మూడు వారాలు నమ్మాను. నువ్వు చెప్పావు కాబట్టి నమ్మాను. వేరేవాడు చెబితే నవ్వేదాన్ని.”

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయన్నది ఇంతకాలం నాకు ఒట్టి సామెతే. ఆ రోజు వంటగదిలో అది నిలబడి కనిపించింది.

“మిలాదా, నేను...” అంటూ వాడు ముందుకొచ్చాడు. ఆవిడ ఒక అడుగు వెనక్కి వేశారు. కళ్లజోడు సర్దుకుని, కాఫీ మిషను బాగుచేయడానికి వచ్చినవాడితో మాట్లాడే గొంతుతో అన్నారు:

“విస్కొచిల్ గారూ, ఆ మార్పుని వెనక్కి తీసే కొత్త మార్పు మీరు ఈరోజే రాసి పంపండి. నేను పరీక్షిస్తాను.”

వాడికి ఒక్కక్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక యాభై ఏళ్ల మనిషి ముఖం పసిపిల్లాడి ముఖంలా ముడుచుకుపోయింది. “మీరేంటి? మిలాదా, తిట్టు. కొట్టు కావాలంటే. ‘మీరు’ అనకు.”

“దొహ్నలోవా గారు అనండి,” అన్నారు ఆవిడ. “మీరు.”

తిరిగి బల్ల దగ్గరికొచ్చి, తెర చుట్టూ ఉన్న పసుపుచీటీలన్నీ ఒక్కొక్కటీ పీకి చెత్తబుట్టలో వేశారు. సగం పీకాక ఏడుపొచ్చింది. ఏడుస్తూనే మిగతా సగం పీకారు.

వాడి కొత్త మార్పు ఆ సాయంత్రమే వచ్చింది. ఆవిడ దాన్ని ఎలుగుబంటి మీద ఏడుసార్లు నడిపి, మొదటి రెండూ పారేసి, రెండు రోజుల తరువాత వాక్యం పంపారు. పరీక్షించినది: దొహ్నలోవా మిలాదా. కరెంటు లెక్కలు మళ్లీ ఏడింటికి అయిపోయాయి. దాంతోపాటు అందరూ చదివేచోట ఇంకొక ఉత్తరం రాశారు, రెండే ముక్కలు: పద్నాలుగు నెలల కిందటి ఆ మార్పుని నేను పరీక్షించలేదు, ఆ వాక్యం నాది కాదు. ఎవరిదో రాయలేదు. రాయమని నేను పోరాను. “తెలిసినవాళ్లకి తెలుస్తుంది. నేను ఆయనలా ఇంకొకరి పేరు పాడుచెయ్యలేను,” అన్నారు.

డైరెక్టరు ఇద్దర్నీ పిలిచి, కుటుంబం లాంటివాళ్లం, ఇంట్లో మాట ఇంట్లోనే ఉండాలి అన్నాడట. వాడి కుర్చీ అంగుళం కూడా కదల్లేదు. ‘నువ్వు’ అంటూ భుజాలు తట్టుకునే కంపెనీల కుటుంబం సంగతి అంతే. ఇంకా దారుణమేంటంటే, కెర్నల్ చరిత్రలో ఒకసారి ఎక్కిన వాక్యాన్ని చెరపడానికి లేదు. మార్పుని వెనక్కి తీయొచ్చు గాని, అది జరిగినట్టున్న రాతని తీయలేం. ఆవిడ పేరు ఆ చెడ్డ మార్పు కింద, తిరగబడి, ఎప్పటికీ అక్కడే ఉంటుంది.

వసంతంలో ఆవిడ పని మానేశారు. ఆ నాలుగు నెలలూ కారిడార్‌లో ఎదురుపడ్డప్పుడల్లా, “నమస్కారం విస్కొచిల్ గారూ,” అనేవారు. ఒక్కరోజు తప్పలేదు, ఒక్కరోజు గొంతు పెంచలేదు. వాడు మొదట్లో నిలబడి ఏదో చెప్పబోయేవాడు. తరువాత తరువాత ఆవిడ వస్తుంటే మెట్లవైపు తప్పుకునేవాడు.

ఆఖరి రోజు మధ్యాహ్నం, వీడ్కోలు కేకు తినేవాళ్లు తిని వెళ్లాక, ఆవిడ సంచిలోంచి ఒక సీసా తీశారు. నేను ఆ సీసా గుర్తుపట్టాను. అదే మందుసీసా, అదే ప్లమ్ సారా. రెండు చిట్టి గ్లాసులు నా బల్ల మీద పెట్టి నింపారు. పద్నాలుగేళ్లు. మోచెయ్యి మెలేయడానికి వీలుగా కుర్చీ కొంచెం ముందుకి కూడా జరుపుకున్నాను, సిగ్గులేకుండా.

ఆవిడ నా మోచెయ్యి చూశారు. అర్థం చేసుకున్నారు. ముఖంలో జాలి కనిపించింది, నా మీదో తన మీదో తెలియదు.

“మీకు ఇద్దామనే తెచ్చాను,” అన్నారు. “పొద్దున ఇంట్లో అద్దం ముందు అని కూడా చూసుకున్నాను. ‘ఓతా, నువ్వు’ అని. నోరు తిరగలేదు. తప్పు మీది కాదు. నా దగ్గర ఇంక అది లేదు.”

“పర్వాలేదు దొహ్నలోవా గారూ,” అన్నాను. ఏం పర్వాలేదో నాకే తెలియదు.

“మీ ఆరోగ్యానికి, ఓతా గారూ,” అని, ఎవరి గ్లాసు వాళ్లు పట్టుకుని తాగాం. ఆవిడ గ్లాసులు రెండూ కడిగి, తుడిచి, సంచిలో పెట్టుకుని, నాలుగో నంబరు ట్రామ్ ఎక్కి వెళ్లిపోయారు.